పట్టికలో ఐదుగురు

తెల్లారకముందే లేచి ప్రయాణానికి టిఫిన్ డబ్బాలు సర్దుతూ ఆమె ఎప్పటిలాగే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది: మామగారు, అత్తగారు, ఆయన, పిల్లలిద్దరు. ఐదు. తనకి మిగిలిందేదో ఉంటుంది. పదమూడేళ్ళుగా అలవాటైన లెక్క, చెయ్యి దానంతటదే చేసేస్తుంది. ఆ లెక్కే తన కొంప ముంచిందని బస్సెక్కాక గానీ తెలియలేదు.

"బౌద్ధ విహారంలోకి పూటకి ముప్పై మందినే పంపుతారండీ. గేటు దగ్గర పేర్లు చదువుతాను, పేరు లేకపోతే లోపలికి పంపరు" అంది గైడ్ పిల్ల మైకులో. ఆమె ఎందుకో ఫోన్ తీసి టికెట్లు చూసుకుంది. ఐదు పేర్లు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. బుక్ చేసేటప్పుడు ఫారంలో అత్తగారి మోకాళ్ళ నొప్పితో సహా అన్నీ నింపింది, తన పేరే రాయలేదు. బస్సులో సీట్లు ఖాళీగా ఉండబట్టి ఎక్కేటప్పుడు ఎవరూ అడగలేదు.

చెబితే ఆయన బస్సంతా వినపడేలా నవ్వుతాడు. ఓసారి ఆమె మూడు రోజులు జ్వరంతో పడుకుంటే "ఇంట్లో ఎవరూ లేనట్టుంది" అన్న మనిషి. "వంటింట్లో ఉండేదానివి, తిన్నావా అని నిన్ను వేరే అడగాలా?" అనేది అత్తగారు. చెప్పకపోతే గేటు దగ్గర ఎలాగూ బయటపడుతుంది. పదకొండేళ్ళుగా ఎనిమిదో తరగతి పిల్లలకి ఆ బౌద్ధ విహారం పటం బోర్డు మీద గీస్తోంది: మధ్యలో చదరంగా ముంగిలి, చుట్టూ భిక్షువుల గదులు, ఒక్కో గదికి ఒక్కరు. అంతా పుస్తకంలో చూసి గీసిందే. ఎవరూ తలుపు తట్టని గది ఎంతుంటుందో ఒక్కసారి చేతులు చాచి కొలుచుకోవాలని ఆశ. రెండు గంటల దారి. పిల్లాడు వాంతి చేసుకుంటే సంచీ పట్టింది, మామగారికి మాత్ర అందించింది. చేతులు పని చేస్తూనే ఉన్నాయి, కళ్ళు మాత్రం మలుపు మలుపుకీ గేటు వచ్చేసిందేమోనని చూశాయి.

గేటు దగ్గర గైడ్ ఐదు పేర్లూ చదివింది. "మేడమ్, మీ పేరు లేదే?"

"టికెట్లు తీసింది నువ్వే కదే!" ఆయన అనుకున్నట్టే నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళకేసి తిరిగి, "తనని తనే మర్చిపోయిందండీ! పైగా టీచరు!" అన్నాడు. అందరూ నవ్వారు. "పోన్లే, నువ్వెలాగూ రోజూ బోర్డు మీద చూసేదేగా. ఆ నీడలో కూర్చుని సంచులు చూస్తుండు, ఫోటోలు తీసుకొస్తాలే."

"అవునమ్మాయ్, నీ కాళ్ళకీ కాస్త రెస్టు" అంది అత్తగారు, ప్రేమగానే.

"రాళ్ళు చూడ్డానికి ఆదివారం తగలేశావ్" అని దారిపొడుగునా సణిగింది ఆయనే. అయినా ఆమె అరుగు మీద కూర్చోబోయింది కూడా. సగం వంగిన నడుము ఎందుకో అక్కడే ఆగిపోయింది.

"పేరు మార్చడం కుదరదామ్మా?"

"ముప్పై దాటకూడదు మేడమ్. ఒకరి బదులు ఇంకొకరైతే వెళ్ళొచ్చు, టికెట్ తీసినవాళ్ళు చెప్తే."

"తీసింది నేనే."

"అయితే ఎవరి పేరు కొట్టెయ్యమంటారు?"

అత్తగారు ఓ మెట్టు ఎక్కి నిలబడింది, కూతురు గేటు చువ్వలు పట్టుకుని చూస్తోంది. సాయంత్రం ఇంట్లో ఎలా ఉంటుందో, ఎన్ని రోజులు అలా ఉంటుందో ఆమెకి తెలుసు. సంచులింకా ఆమె చేతుల్లోనే ఉన్నాయి.

"ఆయనది" అంది.

"ఏంటే, జోకా?" ఆయన నవ్వు సగంలో ఆగింది.

ఆమె సంచులన్నీ ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. "నీళ్ళ సీసా మూత వదులుగా ఉందండీ, పడుకోబెట్టకండి."

గైడ్ పెన్ను తీసింది. "మీ పేరు?"

చెప్పింది. గైడ్‌కి వినపడలేదు. మళ్ళీ చెప్పింది, ఒక్కో అక్షరం విడదీసి, ఆయనకి కూడా వినపడేలా.