ఆవిరి గొట్టం

ఏడో నెల వచ్చేసరికి ఆమె ముక్కు ఇంట్లో వేళాకోళమైపోయింది. పక్కింట్లో అగ్గిపుల్ల గీసినా కోడలికి తెలిసిపోతుందనీ, పోలీసు కుక్కలు వచ్చి ఆమె దగ్గర పాఠాలు చెప్పించుకోవాలనీ అత్తగారు నవ్వేది. ఆమె కూడా నవ్వేసేది. పెట్రోలు వాసన దగ్గరికొచ్చేసరికి మాత్రం నవ్వు వచ్చేది కాదు. అంతకుముందు ఒకసారి కడుపు నిలవలేదు. ఈసారి ఏ గాలి పీల్చినా అది బిడ్డకి చేరుతుందేమోనని ఒకటే గుబులు.

వాసన పడగ్గదిని ఆనుకుని ఉన్న షెడ్డులోంచి వచ్చేది. ఆమె మొగుడు మెకానిక్కు. పగలంతా ఊళ్ళోవాళ్ళ కార్లు బాగుచేసి, సాయంత్రాలు తన పాత కారు మీద పడేవాడు. దానికి టర్బో, అంటే ఇంజనులోకి గాలిని బలంగా తోసే యంత్రం, బిగించి ఉరికించాలని పంతం. పరాయి బండికి ఒక్క క్లిప్పు వదులైనా నిద్రపట్టని మనిషి, సొంత బండి దగ్గర మాత్రం అన్నీ 'ప్రస్తుతానికి' అని కానిచ్చేసేవాడు. అద్దం ప్రస్తుతానికి టేపుతో, సీటు ప్రస్తుతానికి తాడుతో.

"తల పగిలిపోతోందండీ. మీకు నిజంగా వాసన రావట్లేదూ?" అని అడిగిందొకరోజు, షెడ్డు గుమ్మంలో చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఇందులోనే మునుగుతున్నా. నాకెక్కణ్ణించి వస్తుందే?" అని, చేతులు తుడుచుకుంటూ ఓపిగ్గా చెప్పాడు. "టాంకులో పెట్రోలు ఊరికే ఉండదు, ఆవిరవుతుంది. ఆ ఆవిరి గొట్టంలోంచి బొగ్గు డబ్బాలోకి పోతుంది. బొగ్గు దాన్ని పట్టి ఉంచితే, ఇంజను నడిచేటప్పుడు లాక్కుని తాగేస్తుంది. టర్బో పెట్టాక గాలి వెనక్కి తన్నుతుంది కదా, మధ్యలో ఒకవైపే తెరుచుకునే వాల్వొకటి కావాలి. అది దొరకలేదు. పైగా డబ్బా ఉన్నచోట టర్బో పైపు పెట్టాల్సొచ్చింది. అందుకని డబ్బా తీసేశా."

"మరిప్పుడు ఆవిరెటు పోతోంది?"

అతను కారు కిందనుంచి వేలాడుతున్న గొట్టం కొసని చూశాడు. అది తిన్నగా పడగ్గది కిటికీకేసి ఉంది.

"ఇటే" అన్నాడు నసుగుతూ.

"ఇటంటే నా మంచం మీదికి!"

మర్నాడు సాయంత్రం అతనే చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు. గొట్టం మూతిలో బోల్టు కుక్కి, చుట్టూ క్లిప్పు బిగించాడు. ఆమె వంగలేక వంగి వాసన చూసింది. ఏమీ లేదు.

"మరి టాంకుకి ఊపిరాడేదెలా?"

"ఆదివారం డబ్బా వెనకవైపు బిగిస్తాలే. ఈలోపు దాన్నీ నీలా అపురూపంగా చూసుకోవాలా ఏం?"

ఆమె నవ్వేసింది. ఆ రాత్రి కిటికీ తెరుచుకుని హాయిగా పడుకుంది.

ఆదివారం ఎవరి కారో వచ్చింది. ఆ తర్వాతి ఆదివారమూ అంతే. డబ్బా సంగతి అడుగుదామని ఆమెకి చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అడిగితే విసుక్కుని బోల్టు లాగేస్తాడేమో, డబ్బా బిగించేదాకా మళ్ళీ ఆ వాసనలోనే పడుకోవాలేమో. మాట మింగేసింది.

ఒకరోజు మధ్యాహ్నం ఎండ మండుతుండగా అతను కారుని ఊరిబయట తెగ పరిగెత్తించి తెచ్చాడు. పెరట్లో ఆపి, పెట్రోలు పోద్దామని క్యాను పట్టుకుని టాంకు మూత తిప్పాడు. మూత బుస్సుమంది.

"అబ్బో, అలక!" అన్నాడు, బట్టలు పిండుతున్న ఆమెకి వినపడేలా.

ఇంకాస్త తిప్పాడు. పెట్రోలు ఎగజిమ్మి కళ్ళలో, ఛాతీ మీద పడింది. కిందికి కారినది కాలిపోతున్న సైలెన్సరు పైపు మీద పడింది. మంట భగ్గుమని అతని చేతులకీ మొహానికీ ఎక్కింది. బకెట్లో నానుతున్న దుప్పటి లాగి అతని మీద ఎలా కప్పిందో, అంత మనిషిని పక్కకి ఎలా ఈడ్చిందో ఆమెకి తెలియదు.

ఎడమ కన్ను పోయిందనీ, రెండోదాని సంగతి కట్లు విప్పితేగాని చెప్పలేమనీ డాక్టరు అన్నాడు. కడుపులో బిడ్డ బాగానే ఉంది, కదులుతోంది.

ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఆమె అతనికి చెంచాతో పాలు పడుతోంది. అత్తగారు మంచం కాళ్ళవైపు కూర్చుని ఏడుస్తూ ఏడుస్తూ ఉన్నట్టుండి అంది.

"చల్లబడ్డావా తల్లీ? నీ ముక్కు కోసమే గదా నా కొడుకు ఆ గొట్టం మూసింది. రెండు నెలలు ఓర్చుకుంటే నీ సొమ్మేం పోయేది?"

ఆమె మొగుడి మొహంకేసి చూసింది. కట్లలోంచి పెదవులొక్కటే కనిపిస్తున్నాయి. మెలకువగానే ఉన్నాడు. డబ్బా బిగించాల్సింది నేనమ్మా అని ఒక్కమాట అంటే చాలు. రెండోసారి అడగలేదని ఆమె తన నేరం తాను ఒప్పుకోవడానికీ అప్పుడు నోరొచ్చేది.

పెదవులు కదిలాయి.

"బండి మొత్తం పోయిందా?"

"వెనక సగం" అంది ఆమె.

"ఐతే ఇంజను బాగానే ఉంటుంది" అన్నాడు. తల గోడవైపు తిప్పుకున్నాడు.

మిగిలిన పాలు తాగించి, అతని గడ్డం తుడిచింది. తర్వాత, అతనికి కూడా వినపడేలా, అత్తగారితో చెప్పింది.

"ఆయన ఇంటికొచ్చేలోపు ఆ బండి మన పెరట్లో ఉండకూడదు అత్తయ్యా. అదుంటే నేనుండను. నా బిడ్డ ఆ ఇంట్లో పుట్టదు."

అత్తగారు కొడుకువైపు చూసింది. కోడలు గ్లాసూ చెంచా పట్టుకుని, కుళాయి ఎక్కడుందో వెతుక్కుంటూ వరండాలోకి నడిచింది.