అవతలి ఒడ్డున గేదెలు

బస్సు డ్రైవరుకి కళ్ళు మసకబారాయన్న సంగతి అందరికంటే ముందు కళ్ళజోళ్ళ షాపాయనకే తెలిసింది. తెలియక ఎక్కడికి పోతుంది? నెల రోజులుగా తన స్నేహితుడైన ఆ డ్రైవరు సాయంత్రం కాగానే టీ వంకతో షాపుకొచ్చి, గోడ మీది అక్షరాల చార్టు ముందు నిలబడి పెదాలు కదుపుతున్నాడు. రేపు డిపోలో కంటి పరీక్ష. అక్కడా అదే చార్టు.

అద్దాలు పెట్టుకుంటే స్టీరింగు లాక్కుని టికెట్ల కిటికీ వెనక కూర్చోబెడతారని అతని భయం. అలాంటి రూలు లేదు నాయనా అంటే వింటేగా. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. అందుకే ఇవాళ సెలవు చూసుకుని, ఎండ బాగా కాసే వేళకి, రిజర్వాయరు మీది కొండ అంచున నడుద్దాం రమ్మని షాపాయన అతన్ని లాక్కొచ్చాడు. కొండని బట్టీ పట్టడం ఎవరి తరమూ కాదు కదా.

సగం దూరం నడిచాక నీళ్ళవైపు వేలు చూపించాడు.

"అవతలి ఒడ్డున ఆ మూడు గేదెల్ని చూడరా, ఎంత బలిసి ఉన్నాయో."

డ్రైవరు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "మూడెక్కడివి? రెండు గేదెలు, ఒక దూడ."

"దూడ ఏం రంగు?"

"గోధుమ రంగు. ముందు నీ కళ్ళు చూపించుకో."

షాపాయన నవ్వు ఆపుకోలేక బండ మీద కూలబడ్డాడు. "గేదే లేదు, దూడా లేదు. అది పంపుహౌసురా."

డ్రైవరు ముఖం మాడిపోయింది. "స్నేహితుడివని నమ్మి వస్తే ఇదా నువ్వు చేసేది," అని విసవిసా ముందుకి నడిచాడు. అంతగా నవ్వినందుకు షాపాయన మనసు చివుక్కుమంది. అలాగని వదల్లేదు. పరుగున వెళ్ళి పట్టుకుని, సంచిలోంచి షాపులో చూపు పరీక్షకి వాడే ఖాళీ ఫ్రేము తీసి అతని ముక్కు మీద కూర్చోబెట్టాడు. అద్దం తరవాత అద్దం మార్చాడు. నాలుగో అద్దానికి డ్రైవరు గొణగడం మానేశాడు.

కొండ కింద రోడ్డు మీద అతని బస్సే వచ్చి తోట దగ్గరి స్టాపులో ఆగింది. ఇవాళ అతని బదులు ఇంకో డ్రైవరు నడుపుతున్నాడు. తోట లోపలి నుంచి ఒకావిడ ఎర్ర సంచి ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చింది. బస్సు ఆవిడ కోసం కాసేపు ఆగి, ఎక్కించుకుని కదిలింది.

డ్రైవరు అది మలుపు తిరిగేదాకా చూశాడు.

"రేపు పరీక్షకి ముందే జోడు బిగించి ఇవ్వు," అన్నాడు.

షాపాయన ఆశ్చర్యపోయాడు. "ఇంత తొందరగా ఒప్పుకున్నావేంరా?"

"ఆ తోటలో రోజూ ఏదో ఎర్రగా ఊగుతుంటుంది. తీగ మీద గుడ్డలు ఆరేశారనుకున్నాను." డ్రైవరు గొంతు తగ్గిపోయింది. "రెండేళ్ళుగా ఆవిణ్ణి వదిలేసి వెళ్ళిపోతున్నానురా."