అవతలి పార్టీ పొట్టు

ఖాజాబీ పేరెత్తితే చాలు, చిన్నసుబ్బయ్యకు ఒళ్ళు మండేది. ఆమె ఆయనకు చేసిన అపకారం ఏమీ లేదు. మేలే చేసింది.

ఆయనకు ప్రొద్దుటూరులో వేరుశనగ నూనె మిల్లు ఉంది. కాయలు ఒలిచాక మిగిలిన పొట్టును ఎక్కడ పారబోయాలన్నదే ఒకప్పుడు ఆయనకు పెద్ద తలనొప్పి. జమ్మలమడుగు రోడ్డులో ఇటుకల బట్టీ నడిపే ఖాజాబీ వచ్చి ఆ పొట్టు తనకిమ్మంది. బట్టీలో దాన్నే కాల్చింది. బూడిదను పులివెందుల చీనీ, అంటే బత్తాయి, తోటలకు తోలించింది. నూనె తీశాక మిల్లులో మిగిలే చెక్కను కాపరి ఎర్రన్న గొర్రెలకు మేతగా ఇప్పించి, ఎరువు కోసం ఆ మందను తొండూరు చేలల్లో కట్టించింది. గొర్రెల ఎరువుతో పండిన కాయలు మళ్ళీ చిన్నసుబ్బయ్య మిల్లుకే వచ్చేవి. లాభం ఆయనకూ వచ్చింది గానీ పేరు మాత్రం ఆమెకే వచ్చింది.

తిరుపతి నుంచి ఒక ప్రొఫెసర్ ఇదంతా చూడ్డానికి వచ్చాడు. చిన్నసుబ్బయ్య ఇచ్చిన కాఫీ తాగుతూ ఖాజాబీని పొగిడాడు.

"అడవిలో ఏదీ వృథాగా పోదండీ. ఒకటి వదిలింది ఇంకోదానికి తిండి. మీ ఖాజాబీ మిల్లునూ, బట్టీనీ, మందనూ అలాగే కలిపింది."

పొట్టు నాది, చెక్క నాది, కాఫీ కూడా నాదే, పొగడ్త ఆమెకా అని చిన్నసుబ్బయ్య లోపల ఉడికిపోయాడు.

"ఒక్కటే లోపం," అన్నాడు ప్రొఫెసర్. "అడవిలో ఒక మేత పోయినా ఇంకో మేత దొరుకుతుంది. ఈమెకు పొట్టు మీ మిల్లు నుంచే రావాలి. మీరు ఆపితే అన్నీ ఆగిపోతాయి."

ఆ మాట మాత్రం చిన్నసుబ్బయ్య చెవికి కమ్మగా తగిలింది.

వేరే మిల్లులు లేక కాదు. అవన్నీ అవతలి పార్టీవాళ్ళవి. ఆ రోజుల్లో టీ తాగే కొట్టు కూడా పార్టీని బట్టే ఉండేది. ఖాజాబీ ఏ జెండా పట్టుకోలేదు. అయినా చిన్నసుబ్బయ్య పొట్టు కాలుస్తోంది కాబట్టి ఆమెను ఆయన పార్టీ మనిషిగానే లెక్కేశారు. అవతలి మిల్లును అడిగే ధైర్యం ఆమె చేయలేదు.

చిన్నసుబ్బయ్య తమ నాయకుడి దగ్గరికి పోయాడు.

"ఖాజాబీ అవతలోళ్ళ ఇండ్లకు దొంగగా ఇటుకలు తోలుతాందన్నా," అని పచ్చి అబద్ధం చెప్పాడు.

"అట్లయితే మనోళ్ళెవురూ ఆ బట్టీకి పొట్టు తోలొద్దు," అన్నాడు నాయకుడు.

బట్టీలో పొగ ఆగిపోయింది. చిన్నసుబ్బయ్య తృప్తిగా భోంచేశాడు. ఆమె వచ్చి బతిమాలితే ఎంతసేపు నిలబెట్టాలో కూడా అనుకుని పెట్టుకున్నాడు.

ఆమె రాలేదు. కొన్నాళ్ళకు బట్టీ పొగ మళ్ళీ లేచింది. ఈ పార్టీ వెళ్ళగొట్టిన మనిషిని ఆ పార్టీ అడక్కుండానే దగ్గరికి తీస్తుందన్న సంగతి, పుట్టినప్పటి నుంచీ పార్టీలు చూస్తున్న చిన్నసుబ్బయ్యకు అసూయలో గుర్తే రాలేదు. జమ్మలమడుగులో అవతలి పార్టీ మిల్లు నడిపే తిప్పన్న పొట్టు లారీ పంపాడు. ఎర్రన్న గొర్రెలకు చెక్క కూడా అతనే ఇచ్చాడు. మంద కట్టించుకున్న తొండూరు రైతులు కాయలను అతని మిల్లుకే తోలారు.

చిన్నసుబ్బయ్య మిల్లులో మాత్రం పొట్టు తలుపుల దాకా పేరుకుపోయింది. కొత్త కాయలూ రాలేదు. మిల్లు ఆపేసి ఆయనే బట్టీకి పోయాడు.

"ఏందన్నా, ఇట్లొచ్చినావు? కూచో," అంటూ ఖాజాబీ టీ తెప్పించింది.

"నామీద కోపం లేదామ్మా?"

"కోపమెందుకన్నా? ఇన్నాళ్ళూ ఇంకో మిల్లును అడగాలంటే శానా భయపడ్తాంటి. మీరే తరిమినాక ఆ భయం పాయె. నీ పొట్టు గూడా తోలు, దించుకుంటా. మీ నాయకుణ్ణి ఒక మాట అడిగి రా."

నాయకుణ్ణి అడగాలంటే అబద్ధం ఒప్పుకోవాలి. టీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండునని ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

బయట తిప్పన్న లారీ పొట్టు దించుతోంది. చిన్నసుబ్బయ్య గుప్పెడు తీసి చూశాడు. అంతా మట్టి, పుల్లలు. బట్టీలోకి పొట్టు ఎగదోస్తున్న ఇస్మాయిల్ దగ్గరికి పోయి గొంతు తగ్గించి అడిగాడు.

"నిజం చెప్పప్పా. మా పొట్టు దీనికంటే బాగా కాలేది గదా?"

ఇస్మాయిల్ పార ఆపలేదు.

"ఏమో మామా, నేను సూళ్ళేదు. ఇటుకైతే అప్పుడూ ఇట్లే వస్తాండె."