మొదటి రెండంగుళాలు

నలభై రెండేళ్ళు మిషను తొక్కాను. నా కొలత వెంట్రుకవాసి తప్పిందనే మగాడు ఇంతవరకు పుట్టలేదు. ఒకసారి ఒకాయన మెట్లు దిగుతుంటే కంటితోనే కొలిచి ప్యాంటు కుట్టిచ్చాను. వేసుకున్నాక అది బట్టో తన తోలో తేలక, విప్పడానికి ఆయన వారం రోజులు అవస్థపడ్డాడు.

అంతటి కొలతగాణ్ణి కాబట్టే మా అమ్మాయి పరుగు బాటను కూడా నేనే కొలిచాను.

దానికి ఫైర్ స్టేషన్‌లో ఉద్యోగం కావాలి. రాతపరీక్ష రెండుసార్లు గట్టెక్కింది, పరుగులో రెండుసార్లూ పోయింది. పదిహేను వందల మీటర్లు ఏడున్నర నిమిషాల్లో పరుగెత్తాలి. ఈసారి పోతే వయసు దాటిపోతుంది, ఇక దరఖాస్తే తీసుకోరు. జీవితాంతం నా పక్కన కూర్చుని కాజాలు కుట్టుకోవడమే. కాజాలంటే దానికి పరమ అసహ్యం.

"నాన్నా, ఒకరోజు విరగబడి పరుగెత్తితే లాభం లేదు. ఏడాది పొడుగునా నాగా లేకుండా పరుగెత్తాలి," అంది.

"నాగా పెట్టకపోవడం నాకు చెబుతావా? మీ అమ్మ నన్ను తిట్టడం ఒక్కరోజైనా మానిందా? ఆవిణ్ణి చూసి నేర్చుకో."

కొట్టు పక్కన గోడౌను, దాని గోడ వెంట ఖాళీ రోడ్డు. టేపు పరుచుకుంటూ, బట్ట మీద గీసే సుద్దతో గుర్తులు పెట్టుకుంటూ పోయాను. టేపు నూటయాభై సెంటీమీటర్లు. వంద టేపులు, అంటే నూటయాభై మీటర్లు. అటో గీత, ఇటో గీత. ఐదుసార్లు పోయొస్తే పదిహేను వందలు.

తెల్లవారుజామున ఐదింటికి అది పరుగు, నేను స్టూలు మీద. ఒక్కోసారి పోయొచ్చినప్పుడల్లా ఒక గుండీ ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలోకి. జ్వరమొస్తే నడిచైనా ఐదు గుండీలూ పూర్తి చేసేది. బూటు అడుగు ఊడితే పెద్ద సూదితో నేనే కుట్టాను. మొదట్లో తొమ్మిది నిమిషాలు దాటేది. తర్వాత ఎనిమిది. వానాకాలానికి ఏడు నిమిషాల ఇరవై సెకన్లు! ఆ రోజు రొప్పుతూనే, "నాన్నా, కాజాలకి ఇంకో మనిషిని చూసుకో," అని నవ్వింది. ఆ నవ్వు విని ఏళ్ళయింది.

పరీక్ష రోజు మైదానంలో ఏడు నిమిషాల ముప్ఫయ్యయిదు సెకన్లు పట్టింది.

"ఐదు సెకన్లు ఎక్కువమ్మా, నేనేం చెయ్యను?" అన్నాడు ఈల పట్టుకున్నాయన.

"రోజూ ఏడూ ఇరవైలోనే వస్తున్నాను సార్!"

"ఇంటి దగ్గర అందరూ వస్తారమ్మా."

సాయంత్రం కొట్లో టేపు చేతిలోకి తీసుకున్నాను. అంగుళాల వైపు మొదట కనిపించే అంకె మూడు. ఒకటీ రెండూ లేవు. ఎప్పుడో ఒక ఎలుక కొరికేస్తే ఆ ముక్క కత్తిరించి పారేశాను. రెండంగుళాలు కొరికిన ఆ ఎలుక అప్పట్నుంచీ అడుగులు కొలిచి వేసేదని వీధంతా చెప్పుకునేవాళ్ళు. చొక్కా కొలిచేటప్పుడు ఆ రెండంగుళాలూ నా వేలే లెక్కేసుకుంటుంది. రోడ్డు మీద టేపుకి టేపు లెక్కపెట్టుకుంటూ పోయాను, వేలికి పనే లేకపోయింది. టేపుకి ఐదు సెంటీమీటర్లు, మొత్తానికి యాభై మీటర్లు కొరత. నా కొలత తప్పిందనే మగాడు పుట్టలేదన్నాను కదా, పుట్టి డెబ్భై ఏళ్ళయింది. పొద్దున్నే అద్దంలో కనిపిస్తాడు.

అమ్మాయికి చెప్పాను. టేపు తీసుకుని ఆ మూడు అంకె మీద వేలు పెట్టి చూసింది.

"అంటే నాన్నా, ఏడాదంతా తప్పకుండా తప్పే చేశామన్నమాట."

నవ్వబోయి దాని మొహం చూసి మానుకున్నాను.

మర్నాడు ఐదింటికి దానంతటదే లేచింది. బూట్లు వేసుకుని తాళ్ళు కట్టుకుంది. గుమ్మంలో కాసేపు కూర్చుని తాళ్ళు విప్పేసింది. ఇప్పటికీ అదే వేళకి లేస్తుంది. లేచి కాజాలు కుడుతుంది. అన్నీ ఒకే కొలత, నాగా లేదు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. ఎలుక అనుకుంటున్నారేమో, ఎలుక నిజమే. పరీక్షనాటి సాయంత్రం టేపు చూసుకున్నానన్నాను చూడండి, అదే అబద్ధం. అంతకు నాలుగు నెలల ముందే, ఆ నవ్వు విన్న మర్నాడే, వానకి గీత చెరిగిపోతే మళ్ళీ కొలవబోయి చూశాను. చూసి, సుద్దముక్క తీసి, గీత పాత చోటే గీశాను. చెరిగినప్పుడల్లా అక్కడే గీశాను.