పరీక్ష రాయని బ్యాచ్

పగలు పదకొండింటికి స్తుతి చెయ్యి దూది ఏకే కార్డింగ్ మిషన్‌లో పడింది. మెహర్ పరుగెత్తి స్విచ్ ఆపేలోపు మూడు వేళ్ళు నలిగిపోయాయి. సూపర్‌వైజర్ రామకాంత్ అంబులెన్సు పిలవలేదు. ఊళ్ళో డాక్టరు దగ్గరికని ఆటో రప్పించాడు. ఎవరడిగినా ఇంటి దగ్గర పిండిమరలో పడిందని చెప్పమని స్తుతికి నేర్పి మరీ ఎక్కించాడు. పక్కనే స్తుతి రెక్క పట్టుకుని నిలబడ్డ మెహర్ ఆ మాట విన్నది.

హైవే పక్క ఆ స్పిన్నింగు మిల్లులో స్తుతి పనిచేస్తున్నట్టు ఏ కాగితమూ లేదు. మెహర్‌కీ లేదు. మూడేళ్ళుగా షిఫ్టుకు అరవైమంది ఆడపిల్లలు ట్రైనీలే. అందరిదీ ఒకే ఈడు. కరోనా ఏట పదో తరగతి పరీక్షలు లేకుండా పాసైనవాళ్ళు. అపాయింట్‌మెంటు కాగితం అడిగితే రామకాంత్ నవ్వేవాడు. పరీక్ష రాయని బ్యాచ్‌ని పర్మినెంటు చేస్తే మిల్లు మూసుకోవాలనేవాడు.

ఆ మాటకు మెహర్ ఇన్నాళ్ళూ తలవంచుకుంది. బడి మూసినప్పుడు తల్లి జైతున్‌బీ వెంట మిరప కోతలకు వెళ్ళింది. ఇంటర్ పాఠాలు అన్న ఫోన్‌లో, అదీ వాడు ఇచ్చినప్పుడే. ఏదీ చివరిదాకా చేసిన గుర్తు లేదు. లోపల ఎప్పుడూ ఏదో కుదురులేనితనం.

మధ్యాహ్నం అన్నాల షెడ్డులో ఎవరూ క్యారేజీ మూత తియ్యలేదు. గేటు ముందు కూర్చుందామంది మెహర్. తన ఇల్లు ఈ పనిమీదే నడుస్తోందని తోటి ట్రైనీ క్రిస్టీనా అడ్డం తిరిగింది. ముసలి ఫిట్టరు యలమందయ్య పెదవి విరిచాడు.

"మా కాలంలో పదిహేను రోజులు కూర్చున్నాం. మీరు పది నిమిషాలు కూర్చోలేరు. ఫోను చూసుకోవాలిగా."

"కూర్చోవడం మాకెవరు నేర్పారు బాబాయ్?" అంది మెహర్. "బడి మూసి చేలోకి తోలారు. పాసయ్యారని చెప్పి మిల్లులోకి తోలారు. పాసయ్యామో లేదో వాళ్ళే చెప్పారు. స్తుతి ఇక్కడ పని చేసిందో లేదో కూడా వాళ్ళే చెప్పాలా?"

క్రిస్టీనాయే ముందు లేచింది.

రెండింటికి షిఫ్టు మారే వేళ మిషన్లు ఆగాయి. షిఫ్టు పిల్లలంతా గేటుకు అడ్డంగా కూర్చున్నారు. ఒక్కొక్కరే ఆఫీసులోకి వచ్చి మాట్లాడమని రామకాంత్ కబురు పెట్టాడు. ఒక్కరూ కదలలేదు. బస్సులో వచ్చిన రెండో షిఫ్టు పిల్లల్ని లోపలికి పొమ్మన్నాడు. వాళ్ళు దిగి, స్తుతి సంగతి అడిగి, బయటే నిలబడిపోయారు.

పోలీసులు వచ్చి మెహర్‌ని జీపెక్కించారు. జీపు ముందు రోడ్డుమీద యలమందయ్య చతికిలబడ్డాడు. ఆయన్ని పక్కకు లాగడానికి ముగ్గురు కావలసి వచ్చింది.

స్టేషన్‌లో ఎస్సై ఒక కాగితం ఇచ్చాడు. మళ్ళీ మిల్లు ఛాయలకు రానని సంతకం పెడితే ఇంటికి పోవచ్చన్నాడు. మెహర్ ఆసాంతం చదివింది.

"పెట్టనండి," అంది.

బయట గోల వినిపించింది. నాలుగు కిలోమీటర్లు నడిచి రెండు షిఫ్టులవాళ్ళూ వచ్చారు. పొద్దుగూకేలోపు మిల్లు ఒక మెట్టు దిగింది. స్తుతి తమ కార్మికురాలేనని రాసిచ్చి గుంటూరు పెద్దాసుపత్రికి చేర్చింది. మిగతావాళ్ళకు అపాయింట్‌మెంట్లు ఇవ్వనంది. పోలీసులు మెహర్‌ని వదల్లేదు.

ఇక ఇళ్ళకు పొమ్మని కానిస్టేబుల్ బయట కూర్చున్నవాళ్ళను గదమాయించాడు. మెహర్ కిటికీలోంచి చూసింది. పొద్దుటి నుంచీ తిండిలేని మొదటి షిఫ్టు పిల్లలు ఒక్కొక్కరే లేచారు. లేచిన ప్రతి చోటా రెండో షిఫ్టు పిల్ల వచ్చి కూర్చుంది.