పాన్‌డబ్బాల రాయి

గిర్మాజీపేటల ఎవరికి ఏ దెబ్బ తగిలినా ముందుగాల రజియమ్మ అరుగు మీదికే వస్తరు. తెల్లరాతి పలుకులు లేసిపోయిన పాత అరుగు అది. స్కూటర్ మీదికెళ్లి పడ్డోళ్లు, ఆటల మోకాళ్లు చెక్కుకపోయిన పిల్లలు, అందరికీ అదే పీట. ఆమె గోరువెచ్చటి నీళ్లతోని కడుగుతది, దూదితోని ఇసుకంతా తీస్తది, గాయపాకు నలిపి పసరు పిండుతది. మంటకు మొత్తుకుంటే "పడ్డప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా?" అని గదుముతది. ఆఖరుకు పుండ్ల దొరికిన రాయిని స్టీలు ప్లేటుల వేస్తది. రాయి జరసేపు ఊకుంటది, అటెనుక అది ఏ సడకుదో ఆ దిక్కుకు దొర్లుతది. కాశిబుగ్గ రాయైతే కాశిబుగ్గ దిక్కు, హంటర్ రోడ్డుదైతే హంటర్ రోడ్డు దిక్కు. తీసిన చేయే దాన్ని తీసుకపోయి దాని జాగల పెట్టి రావాలె. పెట్టకుంటే గాయం మానదు. దవాఖానల డాక్టరు సుత సూది వేసి, "రాయి పెట్టొచ్చిండ్రా?" అని అడిగే పంపుతడు.

అసొంటి రజియమ్మ సోమవారం నాడు తప్పు చేసింది. తెలవక కాదు, కావాల్నని చేసింది.

ఆ దినం మనవరాలు మెహనాజ్ సైకిల్ నడిపించుకుంట, కుంటుకుంట ఇంటికొచ్చింది. మోకాలు గీరుకపోయి నెత్తురు పాదం దాకా కారింది.

"యాడ పడ్డవే?"

"మట్టెవాడల, దాదీ. ట్యూషన్ కాడ."

కడిగితే కందిగింజంత నల్లరాయి వెళ్లింది. ప్లేటుల వేస్తే అది మట్టెవాడ మొకమే చూడలే. రైలు పట్టాల అవతలికి, కరీమాబాద్ దిక్కుకు దొర్లి అంచుకు టంగుమని కొట్టుకున్నది. రజియమ్మ ప్లేటును తిప్పింది. రాయి మళ్ల అటే పోయింది.

కరీమాబాదుల ఎవరున్నరో ఇద్దరికీ ఎరుకే. తబస్సుమ్ ఉన్నది. రజియమ్మకు కోడలు, ఆ పిల్లకు తల్లి. మూడేండ్ల కింద తబస్సుమ్ నర్సు కొలువుల చేరింది. వాడకట్టోళ్లు పట్టీల కోసం చిన్నగ కోడలి దిక్కు మళ్లిండ్రు. ముసలామె కడుపు మండింది. ఒకనాడు నలుగుట్ల "నా ఇంట్ల ఉండి నా చేతికే ఎసరు పెడ్తవా? నీ మొకం నాకు చూపియ్యకు!" అన్నది. తబస్సుమ్ సంచి సదురుకొని కరీమాబాదుకు పోయింది, పిల్ల దాదీ కాడనే ఉండిపోయింది. కొడుకు షకీల్ కేసముద్రం యార్డుకు లారీ నడుపుతడు. తల్లికి ఎదురు చెప్పడు, పెండ్లానికి నచ్చజెప్పడు, లారీ స్టార్ట్ చేసుకొని పోతడు. "దాని గడప తొక్కితే నా పేరు రజియానే కాదు" అని ఈమె ఒట్టు పెట్టుకున్నది.

ఇప్పుడు ఆ రాయేమో ఆ గడపకే పోదామంటాంది. రజియమ్మ దాన్ని పాన్‌డబ్బాల వేసి మూత బిగించింది. సాయంత్రం "పెట్టొచ్చిన" అన్నది. మనవరాలు ఒక అబద్ధం, దాదీ ఒక అబద్ధం, సరికి సరి.

కానీ రాయి ఊకుంటదా? ఆకు మడుస్తాంటే డబ్బాల టకటక, చాయ్ తాగుతాంటే టకటక. బుధవారానికి మోకాలు ఉబ్బింది. బేస్తవారం పొద్దుగాల పిల్ల ఒళ్లు కాలిపోతాంటే దవాఖానకు తీసుకపోయిండ్రు.

డాక్టరు పట్టీ ఇప్పి మొకం చిట్లించిండు. "చీము లోపలికి దిగుతాంది. రేపటికల్లా తగ్గకుంటే కోసి తీయాలె. కీలు దాకా పోయిందంటే కాలు మళ్ల సక్కగ వంగుతదని నేను చెప్పలేను. రాయి పెట్టిండ్రా, అమ్మా?"

"పెట్టిన" అన్నది రజియమ్మ. బొడ్ల దోపుకున్న డబ్బా టక్కుమన్నది.

ఇంటికొచ్చినంక మెహనాజ్ గోడ దిక్కు తిరిగి పండుకున్నది. "దాదీ, నేను మట్టెవాడల పడలే."

"నాకెరుకనే."

"రాయి నీ డబ్బాలనే ఉన్నదని నాకు సుత ఎరుకే. నువ్వు పోకు. నీ ఒట్టు పోతది. కాలు వంగకుంటే వంగకపోనీ తియ్."

పదిహేడేండ్ల పిల్ల ముసలిదాని రోషానికి కాలు ఇస్తానంటాంది! "నా రోషం మీద మన్నువడ" అని రజియమ్మ లేచి, ఎదురింటి సారయ్యను కేకేసింది. "సారన్నా, ఆటో తీయ్. కరీమాబాదుకు పోవాలె. ఏందని అడగకు."

సారయ్య అడగలే. అండర్ బ్రిడ్జి కాడ బండ్లు ఆగిపోయినయ్. లారీ వెనుక లారీ, హారన్ల మోత. డబ్బా ఆమె ఒళ్లె చేపలెక్క కొట్టుకుంటాంది. "జర జరుగుండ్రి నాయనా, పిల్ల కాలు పోతాంది!" అని ఆటోలకెళ్లి తల బయట పెట్టి మొత్తుకున్నది. ఇరవై నిమిషాలు ఆమెకు ఇరవై ఏండ్లైనయ్.

తబస్సుమ్ ఇంటి నీలి గేటు ముందర ఆటో ఆగంగనే మూత ఇప్పింది. రాయి ఎగిరి దుంకింది. ర్యాంపు మీద దొర్లుకుంట పోయి సిమెంటు లేసిపోయిన చిన్న గుంత కాడ ఆగింది. రజియమ్మ వంగి బొటనవేలితోని దాన్ని గుంతల ఒత్తింది. రాయి కుదురుకున్నది. లేవబోతే తల తిరిగింది, చేతులు ఆనించి బోర్లా పడ్డది.

గేటు తీసింది తబస్సుమ్. అత్తను లేపి, లోపట కుర్చీల కూసోబెట్టి, గోరువెచ్చటి నీళ్లు తెచ్చి అరచేయి కడిగింది.

"పిల్ల ఎట్లున్నది అత్తమ్మా?"

"ఇప్పుడు రాయి పెట్టిన. తగ్గుతది." రజియమ్మ తల ఎత్తలే. "యాడ పడ్డదో నాకు మొన్ననే తెలుసు."

"నన్ను చూసి చేయి ఊపింది, ఇక్కడనే పడ్డది. కడుగుత రావే అంటే రాలే. రాయి దాదీనే తీయాలె, నువ్వు తీస్తే దాదీకి కష్టమైతది అని అట్లనే నెత్తురుతోని పోయింది."

రజియమ్మ ఏడ్చింది. మంటకు అనుకుందామంటే తబస్సుమ్ ఇంక పసరే పెట్టలే.

పుండ్లకెళ్లి బియ్యపుగింజంత పలుకు వెళ్లింది. తబస్సుమ్ ప్లేటుల వేసింది. అది ర్యాంపు దిక్కు పోలే. తిరిగి తిరిగి, పట్టాల దిక్కు, గిర్మాజీపేట దిక్కు దొర్లి అంచుకు ఆనింది. తెల్లగ ఉన్నది. రజియమ్మ అరుగు పలుకే అది. చెప్పుకు ఇరికి వచ్చి, పడంగ అరచేతిల దిగింది.

తబస్సుమ్ దాన్ని వేలితోని తీసి అరచేతిల పెట్టుకున్నది.

"తీసిన చేయే పెట్టాలె గదా" అన్నది.

"చేయి మానకుంటే మానకపాయె గని, రాయి కోసం రాకు బిడ్డా. ఆనాడు అన్నది తప్పు. నేను పిలుస్తున్న. నీకిష్టముంటే రా."

తబస్సుమ్ పలుకును కొంగుకు ముడేసుకున్నది. పట్టీల డబ్బా సంకల పెట్టుకొని, గేటుకు తాళమేసింది.

ఆటో గిర్మాజీపేటల ఆగేసరికి అరుగు మీద మెహనాజ్ కూసున్నది. మంచం మీదికెళ్లి అక్కడిదాకా తనే నడిచొచ్చింది. తల్లిని చూసి లేవబోయింది.

"లేవకు, జర జరుగు" అన్నది తబస్సుమ్ కొంగు ముడి ఇప్పుకుంట. "నువ్వు కూసున్న కాడనే దీని జాగ."