మూతకు మిగిలిన అక్షరం

ఆసుపత్రిలో బట్టలు ఉతికే యంత్రం మూత ఊడిపడి ఒకావిడ చెయ్యి నలిగింది. ఆమె అజాగ్రత్త వల్లే జరిగిందని విచారణలో తేలితే ఉద్యోగం పోతుంది. మూత వదులైన సంగతి ముందే చెప్పామని సాక్ష్యం పలకగలిగినది ఆమె ఆడపడుచు ఒక్కతే. ఇస్త్రీ గదిలో పని. దుప్పట్లకు పెట్టే గంజి బిరుసు మాటలోనూ ఉండటంతో అందరూ ఆమెను గంజక్క అంటారు.

వాంగ్మూలాలు రాసేది ముసలి గుమాస్తా. పొద్దున్నే నాలుగు పద్యాలు భగవంతునికి వినిపించనిదే పచ్చి మంచినీళ్లు ముట్టడు. అక్షరదోషం కంటబడితే అన్నం సహించదు. సంతకానికి ముందు గంజక్కకు కాగితం చదివి వినిపించాడు.

“ఆగండి బాబాయ్ గారూ. మూత ఏం చేసింది?”

“ఊడిపడింది.”

“నేనేం చేశాను?”

“‘చెప్పింది’ అని ఉందమ్మా.”

“మరి సూపర్‌వైజరు?”

“‘చెప్పారు’.”

“బాగుంది! ఆయనకి ‘రు’. నాకూ మూతకీ కలిపి ‘ది’. మేమిద్దరం అక్కాచెల్లెళ్లమా?”

గుమాస్తాకు నవ్వాగలేదు. “అది వ్యాకరణం తల్లీ. నేను పెట్టింది కాదు.”

“ఎవరు పెడితే నాకేం? నేను సంతకం పెట్టను. ఎవర్ని నమ్మాలో నా మాట వినకముందే ఆ అక్షరం చెప్పేస్తోంది. మా వదిన బతుకు దాని మీదుంది.”

“పన్నెండింటిలోగా పడకపోతే నీ సాక్ష్యమే చెల్లదే!”

“అందుకేగా, త్వరగా తెమల్చమంటున్నాను.”

కోపం రావలసిన చోట గుమాస్తాకు కుతూహలం పుట్టింది. బీరువాలోంచి పాత విచారణల కట్టలు దించి దుమ్ము దులిపాడు. వైద్యులు చెప్పారు. కాపలాదారు చెప్పాడు. ఆయా చెప్పింది. ముప్పై ఏళ్ల దస్తూరీ, అంతా తనదే. ఒక్క అక్షరదోషం లేదు.

చిన్ననాడు వల్లించిన సూత్రం కొత్తగా వినిపించింది. స్త్రీవాచకం ఏకవచనంలో జడపదార్థాలతో చేరుతుంది, బహువచనంలో మనుషులతో చేరుతుంది. అంటే ఒంటరిగా నిలబడి సాక్ష్యం చెబితే మూత. నలుగురితో కలిసి వస్తే మనిషి! ఇన్నేళ్లూ అప్పజెప్పాడే గాని, ఎందుకని ఒక్కనాడైనా అడగలేదు. మరో వింత తోచింది. సర్వేశ్వరుణ్ణి రోజూ “నీవు” అని పిలిచే నోరు సూపర్‌వైజరు ఎదుట “మీరు” అని వంగుతున్నది. ఇంతకూ ఈ ‘రు’ గౌరవానికా, భయానికా?

“అందరికీ ‘రు’ పెట్టనా?” అన్నాడు.

“పెట్టండి. కాదంటే అందరికీ తీసెయ్యండి. ‘సూపర్‌వైజరు చెప్పాడు’ అని రాయండి, నాకేం అభ్యంతరం లేదు.”

“నా ఉద్యోగానికి ఉంటుందమ్మా!”

వాంగ్మూలమిచ్చిన కాపలాదారుకూ, గంజక్కకూ, చెయ్యి నలిగినావిడకూ ‘రు’ చేర్చి గుమాస్తా మళ్లీ రాశారు. గంజక్క చివరిదాకా విని సంతకం చేశారు. గడియారంలో ఇంకా ఏడు నిమిషాలున్నాయి.

విచారణాధికారి పెద్దల మాటలున్న పుటలే చూసి తక్కినవి తిప్పేయడం అలవాటైనవారు. ఈసారి వేలు ఎక్కడ ఆపాలో తెలియలేదు.

“ఇదేమిటండీ, అందరూ ‘చెప్పారు’ అనే ఉంది? ఎవరు పెద్దో ఎవరు చిన్నో తెలియడం లేదే!”

“మొదటినుంచీ చదివితే ఎవరేం చెప్పారో తెలుస్తుందండి,” అన్నారు గుమాస్తా.

అధికారి విసుక్కుంటూనే కళ్లజోడు సవరించుకుని మొదటినుంచీ చదివారు. రెండో పుటలో ఆగి, తలెత్తి గంజక్కను చూశారు.

“మూత వదులైందని రెండుసార్లు చెప్పారా మీరు? ఎవరికి?”

“మీ పక్కనే కూర్చున్నారుగా, ఆయనకే.”

“నాకు గుర్తు లేదండి,” అన్నారు సూపర్‌వైజరు.

“మరమ్మతుల పుస్తకం తెప్పించండి,” అన్నారు అధికారి.

పుస్తకం వచ్చింది. రెండు ఫిర్యాదులూ తేదీలతో సహా అందులోనే ఉన్నాయి, ఎదురుగా మరమ్మతు చేసిన తేదీ గడి ఖాళీగా. చెయ్యి నలిగినావిడ తప్పేమీ లేదని అధికారి అక్కడికక్కడే రాయించారు.

అందరూ వెళ్లాక గుమాస్తా ఆ వాంగ్మూలాల కాగితాలను అలవాటుకొద్దీ మరోసారి దిద్ది చూసుకున్నారు. వాక్యం చివర ‘ది’ రెండే చోట్ల మిగిలింది. మూత ఊడిపడింది. యంత్రం ఆగింది. దోషమేమీ కనిపించలేదు.